కాయ బేరమూ, కాయం బేరమూ

అయిదేళ్లకొకసారి నూజివీడు ప్రాంతంలో రెండు కోతలు ఒక్కసారే వస్తాయి. ఒకటి మామిడి కోత, రెండోది ఓట్ల కోత. 2004 లోనూ 2009 లోనూ పోలింగు ఏప్రిల్ నెలలో జరిగింది. 2014 లో ఇక్కడ మే 7న, 2019 లో ఏప్రిల్ 11న, 2024 లో మే 13న జరిగింది. పార్లమెంటుకూ శాసనసభకూ ఓట్లు ఒకే రోజున వేశాం కనుక ఢిల్లీ గాలీ ఇంటి గాలీ కలిసే వీచాయి. ఆ రోజుల్లో తోటలో పనిచేసేవాని చెయ్యి పట్టి చూస్తే రెండు మరకలు కనిపిస్తాయి. వేలి మీద సిరా మరక, అరచేతిలో మామిడి సొన మరక. రెండూ అంత త్వరగా వదిలేవి కావు.

ఈ రెండు మరకల మధ్య ఒక ప్రశ్న వుంది. కాయను బేరమాడి అమ్ముకునే మనిషి, కాయానికి జబ్బు చేసినప్పుడు వైద్యాన్ని కూడా అలాగే బేరమాడి కొనుక్కోగలడా? కొనగలడని కొందరు పెద్దలంటారు. రోగి చేతికే డబ్బివ్వండి, డాక్టరునూ ఆసుపత్రినీ అతడే ఎంచుకుంటాడు, పోటీ పెరిగి ధరలు వాటంతటవే దిగివస్తాయి అని వారి వాదం. ఏదో ఒక రూపంలో ఈ వాదం ప్రతి ఎన్నిక తర్వాతా మన గుమ్మం దాకా వస్తూనే వుంది. కనుక బేరమంటే ఏమిటో, బాగా తెలిసిన చోటనే ముందు చూద్దాం.

తోటలో బేరం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు తోటలున్నవారికి బేరం పుట్టుకతో వచ్చిన విద్య. పూత చూసి ఒక ధర, పిందె చూసి ఒక ధర, కాయ ముదిరాక మరొక ధర. కొందరు పూత మీదనే తోటను గుత్తకిచ్చి బయానా పుచ్చుకొని, గాలివానల దిగులు గుత్తదారుకి వదిలేస్తారు. కొందరు కాయ కోయించి నున్న మార్కెట్టుకి తోలుతారు. బంగినపల్లికి ఒక రేటు, రసాలకు ఒక రేటు, కలెక్టరు కాయకు ఒక రేటు. తరుగు పేరుతో దళారి ఎంత కోస్తాడో రైతుకు తెలుసు, రైతు ఎంతకు దిగుతాడో దళారికి తెలుసు.

ఈ బేరంలో కూడా రైతుకి అన్యాయం జరగదని కాదు. పండబోయే కాయను ఎక్కువ రోజులు దాచుకోలేడు. అయినా అతని చేతిలో మూడు ఆయుధాలున్నాయి. సరుకు మంచిచెడ్డలు తెలుసు. నిన్నటి ధర తెలుసు. అన్నింటికంటే ముఖ్యం, "నేనమ్మను, పొమ్మను" అనగలడు. ఈ మూడూ వున్నప్పుడే అది బేరం.

ఇప్పుడొక మనిషిని వూహించుకోండి. పేరు అక్కరలేదు. చిక్కం చేత పట్టుకొని కొమ్మ మీద నిలబడ్డ కోత కూలీ. కాలు జారింది, తుంటి విరిగింది. ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. ఎముక ఎన్ని ముక్కలయిందో అతనికి తెలియదు. ఆపరేషనుకు న్యాయమైన ధర ఎంతో అతని భార్యకు తెలియదు. "పక్క ఆసుపత్రిలో కనుక్కొని వస్తాం" అనే వ్యవధి లేదు. డాక్టరుగారు బయటికి రాగానే ఆ యిల్లాలు చేతులు జోడిస్తుంది.

"అయ్యా, మీ యిష్టం. మనిషి దక్కితే చాలు."

ఈ మాట కొనేవాళ్లు అనే మాట కాదు. మామిడి మార్కెట్టులో ఏ రైతూ దళారితో "మీ యిష్టం" అనడు.

ఈ సంగతిని 1963 లోనే కెన్నెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త సిద్ధాంతంగా రాశాడు. వైద్యంలో అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియదు, జబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, అందువల్ల మామూలు సంత సూత్రాలు ఇక్కడ చెల్లవన్నాడు. ఆయనకు 1972 లో నోబెల్ బహుమానం వచ్చింది.

సముద్రాల కవతల

అయినా ఆ దేశంలోనే ఎదుటి వాదానికి పెద్ద బలం చేకూరింది. 2003 డిసెంబరులో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేసిన చట్టంతో అక్కడ ఆరోగ్య పొదుపు ఖాతాలు వచ్చాయి. చిన్నా పెద్దా ఖర్చులు కొంత మొత్తం దాకా రోగి తన ఖాతాలోంచే పెట్టుకోవాలి. ఆ హద్దు దాటితేనే బీమా ఆదుకుంటుంది. తన డబ్బయితే మనిషి జాగ్రత్తగా ఖర్చు పెడతాడన్నది దాని వెనుక వున్న ఆలోచన. 2004 నవంబరులో మళ్లీ గెలిచాక బుష్ ఈ పద్ధతిని ఇంకా విస్తరించాలని గట్టిగా చెప్పాడు.

మనిషి జాగ్రత్త పడే మాట నిజమే. అంతకు ముందే, 1970 లలో మొదలుపెట్టి 1982 దాకా, రాండ్ సంస్థ అమెరికాలో వేలమంది మీద ఈ సంగతి పరీక్షించి చూసింది. చేతి డబ్బు పెట్టవలసినవారు వైద్యానికి తక్కువగా వెళ్లారు. చాలామందికి దానివల్ల పెద్ద చెరుపేమీ జరగలేదు. కాని వారు అనవసరమైన వైద్యంతోపాటు అవసరమైన వైద్యాన్నీ సమానంగా తగ్గించుకున్నారు. రక్తపోటు వున్న పేదవారి ఆరోగ్యం మాత్రం దెబ్బతిన్నది. ఏది అవసరమో ఏది కాదో రోగికి తెలిస్తే ఇక డాక్టరెందుకు!

మన కార్డు కథ

మన దేశంలో మొదట అనుకున్న దారి వేరు. 1946 లో భోర్ కమిటీ, డబ్బివ్వలేడన్న కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని చెప్పింది. ఊరూరా ప్రభుత్వ ఆసుపత్రి అన్నది ఆ దారి. కాని ఆసుపత్రులు చాలలేదు. పెద్ద జబ్బు చేస్తే పొలమో పుస్తెలో అమ్ముకోవడం, అవీ లేనివారు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడం మామూలయిపోయింది.

2004 ఎన్నికలలో గెలిచిన వై. ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ అర్జీలకు బదులు ఒక పథకం పెట్టింది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలై, 2008 జూలై నాటికి రాష్ట్రమంతటా వ్యాపించింది. కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా పెద్ద జబ్బుల చికిత్స ఉచితం. అందులో 50 వేలు అదనపు అవసరానికి.

ఇందులో చమత్కారమేమంటే, డబ్బు ప్రభుత్వానిది, ఎంపిక రోగిది. జాబితాలో వున్న ఆసుపత్రి, సర్కారుదయినా ప్రయివేటుదయినా, మెట్లెక్కి కార్డు చూపించవచ్చు. గుమ్మంలో ఆరోగ్యమిత్ర వుంటాడు. ట్రస్టు డాక్టర్లు కాగితాలు చూసి అనుమతిస్తారు. ఆపరేషనుకింత అని ధర ముందే నిర్ణయమై వుంటుంది. అంటే తుంటి విరిగిన కూలీ తరఫున, అతడు కొమ్మ ఎక్కకముందే, ప్రభుత్వం బేరమాడి పెట్టిందన్నమాట. ఆ యిల్లాలు చేతులు జోడించినా ధర పెరగదు. ఇది చిన్న మేలు కాదు.

ఆ తరువాత ప్రతి ఎన్నికా కార్డు మీద ఏదో ఒకటి రాసి వెళ్లింది. 2014 లో వచ్చిన చంద్రబాబునాయుడు ప్రభుత్వం దానికి ఎన్.టి.ఆర్. వైద్యసేవ అని పేరు పెట్టి హద్దును రెండున్నర లక్షలు చేసింది. 2019 లో వచ్చిన జగన్మోహనరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పేరు మళ్లీ తెచ్చి, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్నవారికి వర్తింపజేసింది. వెయ్యి రూపాయలు దాటిన బిల్లును పథకంలో చేర్చే ప్రయత్నం 2020 జనవరిలో పక్కనున్న ఏలూరులోనే మొదలయింది. 2023 డిసెంబరులో హద్దు 25 లక్షలయింది. 2024 లో ప్రభుత్వం మారింది, పేరు మళ్లీ వైద్యసేవ అయింది. కేంద్రం 2018 లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కింద, 2024 అక్టోబరు నుంచి, 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా రక్షణ వచ్చింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన ట్రస్టు భరించే విధానానికి ఆమోదం తెలిపింది.

కార్డు చెల్లని చోటు

మరి పాతిక లక్షలదాకా పూచీ వున్న కూలీ నిశ్చింతగా నిద్రపోవచ్చునా?

తుంటి ఆపరేషను కార్డు మీద అయింది సరే. మంచం మీదున్నన్నాళ్లు కూలి ఎవరిస్తారు? ఈ చిక్కు గుర్తించి 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని పెట్టారు. ఆపరేషను తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా. రోగి జేబును ఎరిగినవాళ్లు చేసిన ఆలోచన అది. కాని తోడు వచ్చిన భార్య పోగొట్టుకున్న కూలిని ఏ ప్యాకేజీలోనూ లెక్కవెయ్యరు.

అసలు చాలా ఇళ్లను నెలనెలా కొరుక్కుతినేది ఆపరేషను కాదు. బి. పి. మాత్ర, షుగరు మాత్ర, రక్తపరీక్ష, స్కానింగు, బెజవాడకు బస్సు చార్జీ. పడక మీద చేరనివాని ఖర్చు చాలావరకు కార్డు వెలుపలే వుండిపోయింది. దేశం మొత్తం మీద ఆరోగ్య ఖర్చులో జనం చేతి నుంచి నేరుగా పెట్టినది 2013-14 లో నూటికి 64 రూపాయలు. 2021-22 నాటికి 39 కి దిగింది. దిగడం సంతోషమే, కాని ఇంకా 39!

నూజివీడు తోటలకు ఎగువన ఎ. కొండూరు తండాలున్నాయి. అక్కడ మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తూ వచ్చింది. అందరికీ తాగేనీటి మీద అనుమానం. కార్డు డయాలిసిస్‌కి డబ్బిస్తుంది. కాని మంచినీళ్లు ఏ ప్యాకేజీలో వున్నాయి? వాటిని ఏ రోగి ఒక్కడే ఎంచుకొని కొనుక్కోగలడు?

ఇంకొక చిక్కు వుంది. ధర ముందే నిర్ణయమయినప్పుడు ఆపరేషను ఎంతకు అన్న మోసం తగ్గుతుంది. అసలు ఆపరేషను అవసరమా అన్న మోసం మాత్రం మిగులుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద గర్భసంచి తొలగింపులు అవసరం లేకపోయినా జరుగుతున్నాయని గగ్గోలు పుట్టింది. చివరకు వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఆ ఆడవాళ్లు కూడా తమ ఆసుపత్రిని తామే ఎంచుకున్నవాళ్లే సుమా!

ఇక మూడో చిక్కు బకాయిలు. సొమ్ము రాలేదని 2025 అక్టోబరులో జాబితాలోని ప్రయివేటు ఆసుపత్రులు సేవలు ఆపివేశాయి. అటువంటి రోజున కార్డు మీద 2 లక్షలని వున్నా 25 లక్షలని వున్నా ఒకటే.

రోగి అడగవలసినవి

అయితే రోగికి నోరే లేదని కాదు. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు వైద్యసేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని తీర్పు చెప్పింది. ఖర్చు బీమా కంపెనీ భరించినా సరే, రోగి వినియోగదారుడే. ప్రతివారికీ ఉచితంగా చేసే ఆసుపత్రులను మాత్రం దాని నుంచి మినహాయించింది. 2008 లో అదే న్యాయస్థానం మరొక మాట చెప్పింది. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషనుకు ఒప్పుకున్నట్లు కాదు. మత్తులో వున్న మనిషి తరఫున తల్లి సరేనన్నా చాలదు. జాతీయ మానవహక్కుల సంఘం 2018 లో రూపొందించిన పత్రంలో రోగికి 17 హక్కులున్నాయి. తన కేసు కాగితాలు పొందడం, వివరమైన బిల్లు అడగడం, రెండో డాక్టరు సలహా తీసుకోవడం వాటిలోవే.

వ్యవధి వున్నచోట బేరం పనికి వస్తుంది. నెలనెలా వేసుకునే మాత్ర అదే మందుతో జన ఔషధి దుకాణంలో చవకగా దొరుకుతుందేమో అడగవచ్చు. అత్యవసరం కాని ఆపరేషనయితే, "చేయించకపోతే ఏమవుతుందండీ?" అని అడగవచ్చు. తోటలో "నేనమ్మను" అన్న మాటకున్న బలం ఆసుపత్రిలో ఈ ఒక్క ప్రశ్నకుంది.

కాని తుంటి విరిగిన రాత్రి ఈ బలాలేవీ పనిచెయ్యవు. ఆ రాత్రికి కావలసిన బేరం ముందే జరిగివుండాలి, అందరి తరఫునా జరిగివుండాలి. అది జరిగే సంత ఒక్కటే. దాని పేరు ఎన్నిక. అక్కడ మాత్రం కూలీ చేతిలోనూ సరుకుంది. అతడు కూడా "నేనివ్వను, పొమ్మను" అనగలడు.

అంచేత ఈసారి కాయలు ముదిరే వేళకు ఓట్లవాళ్లు వస్తే కార్డు పేరేమిటని అడగకండి, హద్దు ఎన్ని లక్షలని కూడా అడగకండి. మా వూరి ఆసుపత్రిలో డాక్టరున్నాడా? బి. పి. మాత్ర నెలనెలా వస్తుందా? ఆసుపత్రికి మీరివ్వవలసింది వేళకిస్తున్నారా? ఆపరేషను అవసరమో కాదో చూసే మనిషిని మా పక్షాన పెడతారా? తాగడానికి మంచినీళ్లిస్తారా? ఈ అయిదూ అడగండి.

పూత చూసి తోట ధర కట్టగలిగినవారు, వాగ్దానం చూసి కాపు ఎంతో కట్టలేరా?