మినహాయింపు కొఱకు ఎదురుచూపు



మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ దేవాలయము మీ రెఱుగనిది కాదు. హుండీ లేని ఆ గుడిలో పదునొకండు ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొనుటయు, కోరిక తీరిన పిమ్మట నూట యెనిమిది చేయుటయు వాడుక. విదేశములకు పోగోరువారు అధికముగా వచ్చుటచేత ఆ స్వామికి ‘వీసా బాలాజీ’ యని పేరు కలిగినది. చదువునకో కొలువునకో పోవువారి యెదురుచూపు మన మెఱుగుదుము. భార్య యొక దేశమందును, భర్త యొక దేశమందును చిక్కుపడిన దంపతుల యెదురుచూపు వేఱు. దానిని గూర్చి నేడు ముచ్చటించెదను.

ఒక దృష్టాంతము తీసికొందము. చేవెళ్ల ప్రాంతపు యువకు డొకడు అమెరికాకు పోయి, గడువుతేదీ దాటినను ఒక యేడాదికి పైగా అచటనే నిలిచిపోయె ననుకొనుడు. ఆ దేశపు పౌరురాలిని పెండ్లియాడెను. కాగితములు చక్కబడక మునుపే, తండ్రికి ప్రాణము మీదికి వచ్చినదని విని పరుగున ఇల్లు చేరెను. తిరిగి పోబోవగా త్రోవ మూసియున్నది.

ఏల? 1996లో చేసిన చట్టము ననుసరించి, గడువు మీఱి 180 దినములకు మించి, ఏడాదికి లోపుగా నుండి వెడలిపోయినవారికి మూడేండ్లును, ఏడాదియో అంతకు మించియో యున్నవారికి పదేండ్లును పునఃప్రవేశము లేదు. చిత్ర మేమనగా, ఈ నిషేధము దేశము విడిచి వెలుపలికి వచ్చుటతోనే తగులుకొనును. కావున గడువు దాటిన బిడ్డను ‘వెంటనే రమ్ము’ అని పిలుచుటకు ముందు, తెలిసిన వకీలును సంప్రదింపుమని చెప్పుట పెద్దల ధర్మము.

ఈ నిషేధమునుండి విడుదలకై పెట్టుకొను అర్జీయే మినహాయింపు. దీనికి ఐ-601 అను ఫారము కలదు. ఇది శిస్తు మాఫీ వంటిది. మాఫీ కోరువాడు బాకీ లేదని వాదింపడు. ఉన్నదని ఒప్పుకొని, విడిచిపెట్టుటకు తగిన కారణము చూపును. చూపినను విడువవలెనను నిర్బంధము లేదు. అది అధికారి విచక్షణ.

ఇచట చూపవలసిన కష్టము ఎవరిది? యువకునిది కాదు, వాని తల్లిదండ్రులదియు కాదు. అచట పౌరురాలైన భార్యది. అదియును సామాన్యమైన యెడబాటు దుఃఖము చాలదు. తీవ్రమైన కష్టమని ఋజువు కావలెను. ఆమె రోగము, వైద్యము, అప్పులు, ఆమెపై నాధారపడినవారు, చేవెళ్లకు వచ్చి కాపురము చేసినచో పోగొట్టుకొనునవి, ఇవన్నియు పత్రములతో చూపవలెను.

మన పెద్దలు మంచితనముచేత ఒక పొరపాటు చేయుట కలదు. ‘కోడలు మా యింటికి వచ్చినచో ఏ లోటును లేకుండ చూచుకొందుము’ అని ఉత్తరము వ్రాసి యిత్తురు. మాట గొప్పదే, కాని ఆమెకు ఇచట కష్టమే లేదనుటకు అదియే సాక్ష్య మగును! అట్లని లేని కష్టమును కల్పింపరాదు. అబద్ధపు పత్రము పెట్టి పట్టుబడినచో, పదేండ్లతో తీరని జీవితకాలపు నిషేధము మెడకు చుట్టుకొనును. ఉన్నది ఉన్నట్లు, తేదీలతో వ్రాయవలెను. ‘నాకు లోపలివారు తెలియును’ అను దళారికి సొమ్ము ధారపోయరాదు.

తీర్పునకు నెలలు, ఒక్కొకప్పుడు ఏండ్లు పట్టును. త్రోసివేసినచో అప్పీలునకు అవకాశము కలదు గాని, దానికి గడువు స్వల్పము. కావున పంపిన ప్రతి కాగితమునకు నకలు ఇంట నుంచుకొనవలెను. వచ్చిన ప్రతి జాబును ఆనాడే విప్పి చదువవలెను.

ఈ నడుమ ఊరివారి నోట వచ్చు ప్రశ్న యొకటి కలదు: ‘పెండ్లాము అచట, నీ విచట, ఇదేమి కాపురము?’ అది అడుగువారికి ఒక్కమాట; వినువానికి దినదినగండము. అట్టివాని కెదురైనప్పుడు ‘జాబు వచ్చినదా?’ యని తఱచి అడుగక, ‘రా, భోజనము చేసి పొమ్ము’ అనుడు. తీర్పు మన చేతిలో లేదు. ఆ యెదురుచూపు బరువును కొంత దింపుట మాత్రము మన చేతిలోనిదే.

సెలవు.