భాషా సాఫ్ట్‌వేరు నిర్మాణమున పునరుపయోగాంగములు: సవరభాషా నిదర్శనము

సాఫ్ట్‌వేరును ప్రతిపర్యాయము మొదటినుండి వ్రాయుటకు మాఱుగా, సిద్ధముగా నున్న అంగములను కూర్చి నిర్మించుట యుక్తమని 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున జరిగిన నాటో సదస్సునందు డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రతిపాదించెను. ఈ సూత్రము భాషాపరిశోధకున కెట్లుపకరించునో, శ్రీకాకుళము జిల్లాలోను, 2022లో శ్రీకాకుళ విజయనగర జిల్లాల భాగములతో నేర్పడిన పార్వతీపురం మన్యము జిల్లాలోను వ్యవహారమునందున్న సవరభాష నాధారముగా గొని పరిశీలింతము.

అంగమనగా, నిర్దిష్టమైన యొక పనిని చేయునదియు, లోపలి నిర్మాణము నెఱుగకయే ఇతరులు వాడుకొనదగినదియు నగు భాగము. అది యేమి గ్రహించునో, యేమి యిచ్చునో ముందుగా తెలియవలెను. 'స్త్రీ' అను పదమునే చూడుడు. యూనికోడ్ పద్ధతిలో ఇది స, త, ర అను మూడు వర్ణములు, వాని నడుమ రెండు పొల్లులు, తుదిని ఈకార చిహ్నము, వెరసి ఆఱు సంకేతములు. ఫాంటు ఆకృతుల నొసగును. వానిని కూర్చి వట్టులను యథాస్థానముల నిలుపు పని హార్ఫ్‌బజ్ వంటి అంగమునది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీసు మున్నగునవి ఈ యొక్క అంగమునే వాడుచున్నవి. 1936లో మంగేయి గొమాంగో కల్పించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌న చేరినది. దానికొఱకు క్రొత్త బ్రౌజరును వ్రాయ నక్కఱలేదు. సంకేతములును ఫాంటును చాలును.

అయితే అంగము ఉమ్మడియైనచో దోషమును ఉమ్మడియే. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఐఫోనులందు, 'జ్ఞా' లోని వర్ణముల నడుమ అదృశ్య విభజన సంకేతము చేరినపుడు, దానిని చూపబోయిన అప్లికేషనులు స్తంభించినవి. దోషము వ్యవస్థలోని అక్షరప్రదర్శనాంగమున నుండుటచే పెక్కు అప్లికేషనులకు వ్యాపించినది. అదే నెలలో వెలువడిన యొక్క సవరణముతో వాని కన్నిటికిని పరిహారమును లభించినది.

వ్యాకరణమునకు వచ్చునప్పటికి సమస్య మఱింత సూక్ష్మము. తెలుగున 'ఊళ్లలోని' అనుదానిని ఊరు, లు, లో, ని అని తుదినుండి విడదీయవచ్చును. ప్రకృతి ముందు, ప్రత్యయములు వెనుక అను భావనపై పదవిశ్లేషకమును నిర్మించినచో తెలుగునకు అది చక్కగా పనిచేయును. సవరభాష ముండా కుటుంబమునకు చెందినది. అందు ధాతువు నడుమ చొచ్చు మధ్యప్రత్యయములు కలవు. నామము క్రియలో లీనమగుటయు కలదు. కావున తెలుగు విశ్లేషకమునకు సవర పదపట్టికను మాత్రము తగిల్చినచో ఫలితము శూన్యము. ఇచట దోషము పట్టికది కాదు. యంత్రభాగమున రహస్యముగా నిమిడియున్న ఊహది.

శ్రీకాకుళప్రాంతమున 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు సవరభాషా వ్యాకరణమును 1931లో, సవర-ఆంగ్ల నిఘంటువును 1938లో వెలువరించిరి. పదములును సూత్రములును వేర్వేఱుగా లభించుట నేటి నిర్మాతకు మహోపకారము. నిఘంటువు, సూత్రపట్టిక, వానిని నడుపు యంత్రము అను మూడింటిని ప్రత్యేకముగా నుంచి, యంత్రము ఏ భాషాలక్షణములను ముందుగా నూహించుచున్నదో స్పష్టముగా ప్రకటింపవలెను. అట్లు చేయనిచో, పెద్దభాషలకు కుట్టిన చొక్కాను చిన్నభాషలకు తొడిగి, సరిపడలేదని వానినే నిందించినట్లగును. అంగముల సరిహద్దులను గీయుట ప్రోగ్రామరు పని యొక్కటియే కాదు. భాషాశాస్త్రజ్ఞుని పనియు నగును.