మంగళవారం ఎక్కిన కోడ్ గురువారం తెలుగుకు

2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడింది. అంతవరకు నల్లగొండలో ఉన్న రామన్నపేట మండలం కొత్త జిల్లాలోకి వెళ్లింది. తెలుగు వికీపీడియాలో ఇలాంటి ఊరి పేజీలో జిల్లా పేరు మార్చడం నిమిషం పని. పాత పేరు కొట్టేసి, కొత్తది రాసి, భద్రపరిస్తే చాలు. మరుక్షణం నుంచి చదివేవాళ్లకు కొత్త పేరే కనిపిస్తుంది.

అదే పేజీలో వెతికే పెట్టె పనితీరు మార్చాలంటే మాత్రం దారి వేరు. అది వ్యాసంలోది కాదు, వికీపీడియాను నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్‌లోది. అక్కడ చెయ్యి జారితే చెడేది ఒక్క ఊరి పేజీ కాదు, వందల భాషల వికీలు. అందుకే ఆ మార్పు పాఠకుడి దాకా రావడానికి ముందు చాలా మెట్లు దిగాలి. వాటిలో కొన్నిటిని యంత్రాలే చూసుకుంటాయి.

ఒకప్పుడు వెబ్‌సైటు మార్పంటే ఫైలును సొంత కంప్యూటర్లో దిద్దుకుని, ఎఫ్‌టీపీతో సర్వర్‌కు ఎక్కించడమే. ఇద్దరు ఒకే ఫైలు దిద్దితే రెండోవాడి కాపీ మొదటివాడి పనిని మింగేసేది. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అని పేర్లున్న ఫైళ్లలో ఏది సైటులో నడుస్తోందో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ గందరగోళానికి మందు వెర్షన్ కంట్రోల్. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో, ఎందుకు మార్చారో అన్నీ రిపాజిటరీ అనే ఖజానాలో నమోదవుతాయి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ ఇప్పుడు ఈ పనికి దాదాపు అందరూ వాడే పనిముట్టు. వికీపీడియా ఇంజినీర్లు 2012లో గిట్‌కు మారారు.

ఖజానాలో అంతా పద్ధతిగా ఉన్నప్పుడు, సర్వర్‌కు చేరవేసే పని మనిషి ఎందుకు చేయాలి? ఈ ప్రశ్నలోంచే ఆటోమేటిక్ డిప్లాయ్‌మెంట్ వచ్చింది. రిపాజిటరీలో కొత్త మార్పు పడగానే ఒక ప్రోగ్రాం మేల్కొంటుంది. పరీక్షలు నడుపుతుంది. అన్నీ నెగ్గితే కోడ్‌ను సర్వర్లకు పంపుతుంది, ఒక్కటి తప్పినా ఆపేస్తుంది. 2008లో మొదలైన గిట్‌హబ్ పేజెస్ సేవతో చిన్న సైట్లవాళ్లకూ ఈ సౌకర్యం దక్కింది. మార్పును రిపాజిటరీకి పంపితే కొద్ది నిమిషాల్లో సైటు దానంతటదే మారుతుంది.

చేత్తో చేరవేస్తే ఏమవుతుందో అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు 2012 ఆగస్టు 1న తెలిసొచ్చింది. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లకు వెళ్లాలి. ఏడింటికే వెళ్లింది. మిగిలిన ఒక్కదానిలో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ లేచి, అడ్డూఆపూ లేకుండా షేర్ల ఆర్డర్లు పెట్టింది. ముప్పావు గంటలో కంపెనీకి వచ్చిన నష్టం 44 కోట్ల డాలర్లకు పైమాటే.

వికీపీడియా పద్ధతి ఇలాంటి ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకున్నట్టే ఉంటుంది. ఒకరు రాసిన కోడ్‌ను గెరిట్ అనే చోట మరొకరు చదివి ఒప్పుకోవాలి. ఆ తర్వాత పరీక్షలు వాటంతటవే నడుస్తాయి. నెగ్గిన కోడ్ బీటా వికీలు అనే పరీక్ష సైట్లకు చేరుతుంది. దాదాపు పది నిమిషాలకోసారి జరిగే ఆ చేరవేతలో మనిషి ప్రమేయం ఉండదు.

అసలు సైట్లకు వెళ్లేది మాత్రం మామూలుగా వారానికోసారి. దీనికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు ‘ట్రైన్’. బీబీనగర్–నడికుడి లైనులో రామన్నపేట స్టేషనుకొచ్చే బండిలాగే ఇదీ ఎవరికోసమూ కాచుకోదు, అందుకోలేని మార్పు తర్వాతి వారం ఎక్కాల్సిందే. మంగళవారం ప్రయోగాల కోసం ఉంచిన వికీలు, బుధవారం విక్షనరీ, వికీసోర్స్ వంటివి, గురువారం వికీపీడియాలు. అంటే తెలుగు విక్షనరీ చూసేవారికి కొత్త సౌకర్యం తెలుగు వికీపీడియా పాఠకులకంటే ఒకరోజు ముందే అందుతుంది. కాటలాన్, హీబ్రూ వికీపీడియాలైతే బుధవారం బండిలోనే ఉంటాయి. బుధవారం లోపం బయటపడితే బండి అక్కడే ఆగుతుంది, వికీలు పోయిన వారపు వెర్షన్‌కు వెళ్లిపోతాయి. గురువారం వికీపీడియా తెరిచేవారికి ఆ సంగతే తెలియదు.

ఈ బండిలో తెలుగు మాటలూ ప్రయాణిస్తాయి. మీటల మీద, హెచ్చరికల్లో కనిపించే తెలుగును ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైటులో ఔత్సాహికులు రాస్తారు. బాట్ అనే ప్రోగ్రాం ఆ అనువాదాలను పోగుచేసి రిపాజిటరీలో పెడుతుంది. అనువదించేవారికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, గిట్ పేరు వినకపోయినా ఫర్వాలేదు.

అయితే లోపం బయటపడినప్పుడు పాత వెర్షన్‌కు వెళ్లడానికీ హద్దుంది. గిట్‌లో ఉండేది కోడ్ మాత్రమే. పాఠకులు రాసిన వ్యాసాలు, దుకాణం సైటుకు వచ్చిన ఆర్డర్లు డేటాబేస్‌లో ఉంటాయి. కొత్త కోడ్ డేటాబేస్‌లో ఒక వరుసను చెరిపేస్తే, పాత కోడ్‌ను తిరిగి పెట్టినా ఆ వరుస రాదు. దానికి విడిగా తీసి దాచిన బ్యాకప్ ఉండాలి. పాస్‌వర్డుల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఒకసారి రిపాజిటరీలోకి చేరిన పాస్‌వర్డును తర్వాత తీసేసినా పాత చరిత్రలో అలాగే ఉండిపోతుంది. అది బయటివాళ్లకు కనిపించే రిపాజిటరీ అయితే వెంటనే పాస్‌వర్డే మార్చుకోవాలి.

ఇంత యంత్రాంగం ఉన్నా వికీపీడియా ట్రైన్‌ను వారం వారం ఒక ఇంజినీరు నడిపిస్తారు. ఒక్కో అడుగు వేయించి, లోపాల చిట్టా పెరుగుతోందా అని చూస్తూ కూర్చుంటారు. శుక్రవారం మాత్రం మామూలుగా కొత్త కోడ్ ఎక్కించరు. శని, ఆదివారాల్లో తేడా వస్తే సరిచేసేందుకు అందుబాటులో ఉండే మనుషులు తక్కువ.