చుక్కల పైడికంటి, చుక్కల్లేని పైడికంటి

పొద్దుగూకే వేళ ఏ చింతచెట్టు తొర్రలోంచో, పాత గోడ సందులోంచో జానెడు పిట్ట ఒకటి తల బయటపెడుతుంది. దగ్గరికెళితే తల పైకీ కిందికీ ఆడిస్తూ పచ్చటి కళ్లతో గుడ్లురిమి చూస్తుంది. ఇదే పైడికంటి. పైడి అంటే బంగారం. పేరు పెట్టినవాళ్ల చూపు ముందు ఆ కళ్ల మీదే పడి ఉంటుంది.

ఊళ్లో తిరిగే ఈ పైడికంటికి మధ్య భారతపు టేకు అడవుల్లో ఒక చుట్టం ఉంది. అడవి పైడికంటి అందాం. అదీ ఇంచుమించు జానెడే. అదే గోధుమవన్నె, అవే పచ్చకళ్లు. పోలిక చూడాలంటే నెత్తితో మొదలుపెట్టాలి. ఊరిదాని తలనిండా బియ్యం చల్లినట్టు తెల్లచుక్కలు. అడవిదాని తలమీద చుక్కలున్నా లేనట్టే. ఊరిదాని పొట్టమీద గోధుమ మచ్చలు తెగితెగి కిందిదాకా సాగుతాయి. అడవిదాని రొమ్ము ముదురు గోధుమరంగు, పొట్ట అడుగున తెలుపు. కాళ్లయితే ఒంటికి మించిన బలంతో, ఒత్తైన తెల్లటి ఈకలతో ఉంటాయి.

నడవడిలోనూ తేడా ఉంది. ఊరిది ఎక్కువగా సందెచీకట్లో పురుగుల్నీ చిట్టెలుకల్నీ వేటాడుతుంది. అడవిది పట్టపగలే ఎండుకొమ్మ మీద కూర్చుని, తోక విదిలిస్తూ బల్లిజాతి జీవుల కోసం కాపు కాస్తుంది.

ఇలా వెలుగులో తిరిగే పిట్ట 113 ఏళ్లపాటు శాస్త్రవేత్తల కంటపడలేదు. 1872లో బ్లెవిట్ అనే ఆయన ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో దీన్ని సేకరిస్తే, మరుసటి ఏడు పక్షిశాస్త్రవేత్త హ్యూమ్ దీనికి బ్లెవిట్ పేరే పెట్టాడు. 1884 తర్వాత జాడ లేదు. 1914లో గుజరాత్‌లో తాను పట్టానంటూ బ్రిటిష్ సైనికాధికారి మైనర్ట్‌జాగెన్ ఒక నమూనా చూపించాడు. నిజానికి అది మ్యూజియంలోంచి కాజేసిన పాత పక్షే. దానికి కొత్త చీటీ కట్టాడు, అంతే. దొరికిందంటూ మధ్యలో వచ్చిన కబుర్లు తీరా చూస్తే ఊరి పైడికంటివే.

చీటీ మోసాన్ని పసిగట్టిన పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్మస్సెన్ ఆ గుజరాత్ చోటును పక్కనపెట్టి, అసలైన పాత చీటీల మీది చోట్లకు మిత్రులతో బయల్దేరింది. 1997 నవంబరు 25 ఉదయం, మహారాష్ట్రలోని షహాదా దగ్గర, ఓ బోడికొమ్మ మీద కనిపించిన పిట్టలో ఆమె వెతికింది తలనీ, రొమ్మునీ, కాళ్లనీ. మ్యూజియం నమూనాల్లో చూసి చూసి మనసులో నిలిచిపోయిన గుర్తులవి. అన్నీ సరిపోయాయి.

అడవులు తరిగిపోతున్న ఈ రోజుల్లో ఎదిగిన అడవి పైడికంట్లు వెయ్యిలోపే మిగిలాయని అంచనా. తలమీద చుక్కలు లేవని పోల్చాలంటే, చుక్కలున్నదాన్ని ముందు బాగా చూసి ఉండాలి. అది మన చింతచెట్టు తొర్రలోనే ఉంది.