కాడి దించాక మాలీసు మరవొద్దు

రేసు గుర్రాలకు పరుగు అయ్యాక ఒళ్లంతా మాలీసు చేస్తారు. బిగిసిన కండలు సడలడానికే ఇది. పొద్దంతా కాడి లాగే మన ఎడ్లకూ ఇది అవసరమే. తొలకరి అదునులో ఒక ఎద్దు మెడ వాచిందంటే జత మొత్తం ఆగిపోతుంది. బాడుగ అరకకు డబ్బు పెట్టాల్సి వస్తుంది.

కాడి దించాక ఎద్దును నీడన కట్టి ఆయాసం తీరనివ్వాలి. మెడ మీది చెమట, మట్టి తడిగుడ్డతో తుడవాలి. ఎండు వరిగడ్డిని చుట్టగా చుట్టి మెడ, మూపు, జబ్బలను వెంట్రుకలు వాలిన వైపుకే రుద్దాలి. కాళ్లను గిట్టల దగ్గర నుంచి పైకి అరచేత్తో మెల్లగా నిమరాలి. జతకు పావుగంట చాలు.

ఇలా రోజూ రుద్దుతుంటే మెడలో వచ్చే తేడా ముందుగానే చేతికి తెలుస్తుంది. వేడిగా, వాపుగా తగిలినా, ఎద్దు ఉలిక్కిపడినా అక్కడ రుద్దకూడదు. పుండు మీద అసలే వద్దు. కాడి కట్టడం మాని, మొదటి రోజు చన్నీటి గుడ్డ వేస్తూ పశువైద్యుడికి చూపించాలి. వాపు మీదే కాడి వేస్తే అది ముదిరి చీము పడుతుంది.

కాడి గరుకుగా ఉంటే నునుపు చేయించండి. ఎత్తులో తేడా ఉన్న ఎడ్లను జత కట్టకండి. ఇవి సరిచేయకుండా ఎంత మాలీసు చేసినా ఫలితం ఉండదు.