టేకాఫ్‌కు ముందు పైలట్ విమానం చుట్టూ ఎందుకు తిరుగుతారు? ఆ చెకింగ్ వదిలేస్తే ఏమవుతుందో తెలుసా?

కారు మొరాయిస్తే రోడ్డు పక్కన ఆపి మెకానిక్‌ను పిలవొచ్చు. కానీ గాల్లో ఉన్న విమానానికి ఆ ఛాన్స్ లేదు. అందుకే ప్రతి టేకాఫ్‌కు ముందు ప్రీఫ్లైట్ చెక్ తప్పనిసరి. ముఖ్యంగా శిక్షణకు వాడే సెస్నా 172 లాంటి చిన్న విమానాల్లో ఈ చెక్ పైలటే స్వయంగా చేస్తారు. ఇంతకీ ఏమేం చూస్తారంటే..

ఇంధనం: మీటర్‌ను మాత్రమే నమ్మరు. ట్యాంక్ మూత తీసి కొలపుల్లతో కొలుస్తారు. ట్యాంక్ అడుగు నుంచి కొంచెం ఇంధనాన్ని గ్లాసులోకి తీసి చూస్తారు. నీరు పెట్రోల్ కంటే బరువు కాబట్టి, కలిసి ఉంటే అడుగున కనిపిస్తుంది. ఆ నీరు ఇంజిన్‌లోకి వెళ్తే అది ఆగిపోవచ్చు.

పిటో ట్యూబ్: వేగాన్ని చూపించే మీటర్‌కు గాలి అందించే చిన్న గొట్టం ఇది. దానికి కవర్ ఉండిపోయినా, లోపల పురుగులు గూడు పెట్టినా వేగం తప్పుగా కనిపిస్తుంది.

కంట్రోల్స్: స్టీరింగ్ ఎడమకు తిప్పితే ఎడమ రెక్క వెనుక పలక పైకి లేవాలి. కుడి వైపుది కిందికి దిగాలి. అలా జరగకపోతే ఎగరకూడదు.

ఏడుగురి ప్రాణాలు తీసిన లాక్

ఈ కంట్రోల్ చెక్ పెద్ద ప్రైవేట్ జెట్‌లకూ తప్పదు. 2014 మే 31 రాత్రి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం బెడ్‌ఫోర్డ్‌లో జరిగిన ప్రమాదమే అందుకు ఉదాహరణ. గల్ఫ్‌స్ట్రీమ్ 4 జెట్ టేకాఫ్ కోసం దూసుకెళ్లింది. కానీ గాల్లోకి లేవలేదు. కారణం గస్ట్ లాక్. పార్కింగ్‌లో ఉన్నప్పుడు కదిలే పలకలు గాలికి కొట్టుకోకుండా వేసే లాక్ ఇది. దాన్ని తీయనేలేదు. రన్‌వేపై ఆ విషయం గుర్తించినా వెంటనే టేకాఫ్ ఆపలేదు. బ్రేకులు వేసేసరికి ఆలస్యమైంది. విమానం రన్‌వే దాటి వెళ్లి మంటల్లో చిక్కుకుంది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు.

పైలట్లు ఇద్దరూ వేల గంటలు నడిపిన అనుభవజ్ఞులే. మరి ఎందుకిలా? దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ అంతకుముందు జరిగిన 175 టేకాఫ్‌ల డేటా పరిశీలించింది. 98 శాతం సార్లు కంట్రోల్స్‌ను పూర్తిగా చెక్ చేయలేదని తేలింది. అంటే ఆ ఒక్క రాత్రి మర్చిపోవడం కాదు.. చెక్ చేయకపోవడమే అలవాటైపోయింది. ఏమీ కాని ప్రతిసారీ ఆ అలవాటు ఇంకాస్త బలపడింది.

చెక్‌లిస్ట్ పుట్టింది ఇలాగే

ఈ పొరపాటు కొత్తదేం కాదు. 1935 అక్టోబర్ 30న ఒహాయోలో బోయింగ్ మోడల్ 299 కూడా గస్ట్ లాక్ తీయకుండానే లేచి కూలింది. ఇద్దరు మరణించారు. జ్ఞాపకశక్తిని నమ్ముకుంటే కుదరదని అప్పుడే అర్థమైంది. పైలట్లకు రాతపూర్వక చెక్‌లిస్ట్ అలా వాడుకలోకి వచ్చింది. అయినా దాదాపు 79 ఏళ్ల తర్వాత అదే తప్పు మళ్లీ జరిగింది. కాగితం ఉంటే చాలదు, ప్రతిసారీ పాటించాలి.

అందుకే మీరెప్పుడైనా చిన్న విమానం ఎక్కాల్సి వస్తే, పైలట్ చెక్ చేస్తుంటే లేటవుతోందని తొందరపెట్టకండి. ఆ కాసేపు ఆగడం మీ ప్రాణాల కోసమే.