తొలి నగకి తిరునామం వద్దు

తిరుపతిలో వెండి మీద మీనా పని నేర్చుకోబోయేవాళ్లకి ముందు తోచే నమూనా తిరునామమే. రెండు తెల్లగీతలు, నడుమ ఎర్రటి శ్రీచూర్ణం. గీయడం తేలిక, కొనేవాళ్లకి కొదవలేదు. అయితే వెండి మీద ఇంతకన్నా మొండి రంగులు లేవు. మీనా అంటే గాజు. లోహ భస్మాలతో రంగు తెప్పించిన గాజుని పొడిచేసి, రేకు మీద పరిచి, దాదాపు 760 నుంచి 820 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. ఆ వేడికి వెండి కొద్దిగా గాజులోకి దిగుతుంది. తెలుపు అంచులు పసుపెక్కేది అందుకే. వెలుగు దూరే రకం ఎరుపుని నేరుగా వెండి మీద పరిస్తే గోధుమరంగుకి తిరుగుతుంది. జైపూర్ మీనాకారీకి పేరు తెచ్చిన ఎరుపు బంగారం మీద పండింది మరి! కోబాల్టు నీలం, రాగి ఇచ్చే ఆకుపచ్చ మాత్రం వెండి మీద చక్కగా మెరుస్తాయి. నామమే కావాలంటే అడుగున రంగులేని గాజు పూత ఒకటి కాల్చి, తర్వాత తెలుపు, ఆఖరున ఎరుపు వేయాలి. వేడికి ఓర్చే రంగు ముందు, ఓర్వనిది చివర. శ్రీకాళహస్తి కలంకారీలోనూ రంగుల వరుసని నిర్ణయించేది రసాయనమే, చిత్రకారుడి ఇష్టం కాదు.

బజార్లో ఎర్రనామం ఉంగరాలు బోలెడున్నాయి కదా అనవచ్చు. చవక రకాల్లో ఎక్కువగా వాడేది బట్టీ అక్కర్లేని రెజిన్ రంగు. అదీ పనే, కాకపోతే గీతలు పడుతుంది, గాజు మెరుపు రాదు. రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది: మేలిమి వెండి మెత్తన, 925 వెండి వాడకూడదా? ఆ వెండిలో మిగతా భాగం సాధారణంగా రాగి. కాల్చినప్పుడు రాగి నల్లబడి, పారదర్శకమైన గాజు కింద మరకలా కనిపిస్తుంది. పైగా 800 డిగ్రీలు దాటగానే 925 వెండి మెత్తబడి కరగడం మొదలెడుతుంది. మేలిమి 961 దాకా ఆగుతుంది. కాబట్టి 0.8 మిల్లీమీటర్లకు తగ్గని మేలిమి రేకుతో, దెబ్బలు తగిలే మెట్టెలూ ఉంగరాలూ కాక, చిన్న లాకెట్టు చేయడం మేలు. రేకుకే బెజ్జం వేస్తే టంకం బెడద ఉండదు. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి తీగల నడుమ రంగు నింపాలన్న ఉబలాటం సహజమే, కానీ అది రెండో మెట్టు.

గాజుపొడిని బ్యాటరీ నీళ్లతో, అంటే డిస్టిల్డ్ వాటర్‌తో, పాలనీరు పోయేదాకా కడగాలి. బోరునీళ్ల ఉప్పు రంగుని మసకబారుస్తుంది. తడిపొడిని సన్నగా పరిచి, పూర్తిగా ఆరాకే నిప్పు చూపాలి. తేమ ఉంటే ఆవిరై పొడిని చిమ్మేస్తుంది. వేడెక్కుతుంటే ముందు పంచదార పలుకుల్లా గరుకుగా, తర్వాత ఎగుడుదిగుడుగా, చివరికి నున్నగా మెరుస్తుంది. ఒకటి రెండు నిమిషాల పని. వెనకవైపు కూడా గాజు పూత ఉండాలి, లేదంటే చల్లారేటప్పుడు వెండి ఒకలా, గాజు ఒకలా కుంచించుకుని పగుళ్లొస్తాయి. వంటింటి ఓవెన్ ఈ వేడి ఇవ్వలేదు. బట్టీ కొనే స్తోమత లేకపోతే, ఆచారి దగ్గరుండే గ్యాస్ టార్చిని జాలీ కిందనుంచి పట్టినా చిన్న రేకు కాలుతుంది. కొన్ని పొడుల్లో సీసం ఉంటుంది గనక మాస్కు తప్పనిసరి. ముందు చవకైన రాగి మీద చెయ్యి తిప్పుకోమనే సలహాలో సగం నిజముంది. పొడి పరచడం అలా వస్తుంది. రంగు తీరు మాత్రం తెలీదు, రాగి మీద ముదురుగా కనిపించే నీలమే వెండి మీద తేటగా వెలుగుతుంది. అందుకే వెండి తునక మీద ప్రతి పొడినీ ఒకసారి నేరుగా, ఒకసారి రంగులేని పూత మీద కాల్చి, వెనక పేరు గీకి దాచుకోవాలి.